చెవితో నేర్చుకున్న వేషం

మోకాలు పోయాక కంపెనీవాళ్లు నన్ను వెళ్లిపొమ్మనలేదు. ఆ మాట ముందే చెప్పాలి. పదకొండేళ్లు వాళ్ల ఫుట్‌బాల్ జట్టుకి గోలుకీపరుగా నిలబడ్డాను. రెండోసారి ఆపరేషను చేసిన డాక్టరు ఇక ఆడొద్దని చెప్పాక, మేనేజరు పిలిచి స్టోర్సు సెక్షనులో కుర్చీ వేయిస్తున్నామనీ, సోమవారం నుంచి వచ్చి కూర్చోమనీ అన్నాడు. సికింద్రాబాదులో నాతో పాటు ఆడినవాళ్లు అలాంటి కుర్చీ కోసం ఎంతమంది చుట్టూ తిరిగారో నాకు తెలుసు.

ఆ కుర్చీలో నేను పదిహేడు రోజులు కూర్చున్నాను. ఫైళ్లు వచ్చేవి. పక్క సీటాయన చూస్తున్నాడేమోనని ఒక్కో కాగితం తిప్పేవాణ్ణి. ఆయన టీకి లేచినప్పుడు ఆ కట్టంతా ఆయన బల్లమీద పెట్టేసి, మోకాలు పట్టేసిందని బయటికి వెళ్లిపోయేవాణ్ణి. పద్దెనిమిదో రోజు రాజీనామా ఇచ్చాను. నొప్పి భరించలేకపోతున్నానని అందులో ఉంది. అది రాసింది నా భార్య. కింద సంతకం మాత్రం నాది. నాకు వచ్చిన రాత అదొక్కటే.

బడికి వెళ్లక కాదు. మాది గంపలగూడెం పక్క. నాన్న సికింద్రాబాదులో ఆఫీసర్ల మెస్సులో వంటవాడుగా కుదిరితే ఆరేళ్లప్పుడే అక్కడికి వెళ్లాం. మూడు బళ్లు మారాను. బోర్డు మీద అక్షరం నాకు నిలబడేది కాదు. ‘ప’ అనుకున్నది కాసేపటికి ‘వ’ అయ్యేది, ‘ష’ అయ్యేది. ఇప్పుడు దానికి డాక్టర్ల దగ్గర ఒక పేరుంది. అప్పుడు లేదు. గ్రౌండులో మాత్రం బంతి ఎటు తిరిగి ఎటు వస్తుందో అందరికంటే ముందు నాకే కనిపించేది. అందుకని అక్కడే ఉండిపోయాను.

నా భార్యకి తిరువూరు ఆడపిల్లల హైస్కూల్లో టీచరు పోస్టు రావడంతో ఇద్దరం ఇక్కడికి వచ్చాం. రెండు గదుల అద్దె ఇల్లు. ఆవిడ పొద్దున్నే బడికి వెళ్లిపోతే వంటా, నీళ్లు తోడటం, బజారు అన్నీ నావే. ‘ఆటగాడు’ అని మొదట గౌరవంగా పిలిచినవాళ్లు ఆర్నెల్లు తిరిగేసరికి అదే మాటతో ఇంకోలా పిలవడం మొదలుపెట్టారు. ఆదివారం చర్చికి వెళ్తే, గుళ్లో పాటల పుస్తకం నా భార్యే పేజీ తీసి నా చేతికిచ్చేది. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

పెళ్లైన కొత్తలో ఆవిడ నాకు చదువు చెప్పాలని చూసింది. పలక తెచ్చింది. మూడోరోజు నేను ఆ పలక గోడకేసి కొట్టాను. ఆవిడ ముక్కలు ఏరి పారేసి, మళ్లీ ఆ ఊసెత్తలేదు. మా ఇద్దరి మధ్యా మాట్లాడుకోని విషయం అదొక్కటే.

అలా ఉండగా ఒక సాయంత్రం తెలుగు మాస్టారు మా ఇంటికి వచ్చారు. మగపిల్లల హైస్కూల్లో పండితులు. పొట్టిచేతుల ఖద్దరు చొక్కా, ముక్కుపొడుం. యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఊళ్లో ఉద్యోగస్తుల్ని పోగేసి నాటకాలు వేయించేవారు, పరిషత్తు పోటీలకి తీసుకెళ్లేవారు. ఆ ఏడు ఆయనే ఒక నాటకం రాశారు. ఎగువ పొలాల్లో రాతినేల తొలిచి బావి తవ్వే ఇద్దరు తోడల్లుళ్ల కథ. గట్టు విరిగిపడి ఒకడు బావిలోనే పోతాడు. పొలం ఆసామి పని ఆపకూడదంటాడు. రెండోవాడు ఆ బావిలో దిగనంటాడు. ఆ రెండోవాడి వేషం వేయాల్సిన లైన్‌మన్‌కి నందిగామ బదిలీ అయింది.

“స్కూలు గ్రౌండులో మీరు పిల్లలకి డైవ్ చేసి చూపిస్తుంటే చూశానండీ,” అన్నారు మాస్టారు. “మనిషి అలా పడటం నేనెప్పుడూ చూళ్లేదు. నా నాటకంలో చివర్న, దిగనన్న వీడే బావిలోకి దూకాలి. మీరైతే జనం లేచి నిలబడతారు.”

“నాకు నాటకాలు రావండీ.”

“పుట్టగానే బంతి పట్టడం వచ్చిందా? రెండ్రోజులు చదువుకుని చెప్పండి.” నోటుబుక్కు నా చేతిలో పెట్టారు.

ఆయన ఎదురుగానే కూర్చున్నారు. నేను పుస్తకం తెరిచాను. చదివేవాళ్ల కళ్లు ఎంత వేగంతో కదులుతాయో నాకు తెలుసు. ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్నాను. అంతే వేగంతో చూసి, పేజీ తిప్పాను. ఇంకో పేజీ తిప్పాను.

“బాగుందండీ,” అన్నాను.

మాస్టారి మొహం వెలిగిపోయింది. అది ఆయనకి నేను చెప్పిన మొదటి అబద్ధం.

మర్నాటి నుంచి పొద్దున్న అన్నం ఉడుకుతుండగా నా భార్య పొయ్యి దగ్గర కూర్చుని నాటకం చదివేది. నేను బియ్యం కడుగుతూనో కూరలు తరుగుతూనో వినేవాణ్ణి. ఒకసారి విన్నది సగం, రెండోసారికి ముప్పావు, మూడోసారికి మొత్తం. నా మాటలే కాదు, అందరి మాటలూ వచ్చేసేవి. నాకు అలాగే వస్తుంది. ఏ ముక్క ఎవరిదో విడదీసి వదిలెయ్యడం నాకు చేతకాదు.

“మాస్టారికి చెప్పెయ్యండి,” అంది ఆవిడ నాలుగోరోజు. “ఆయన మంచాయన. ఏమీ అనుకోరు.”

“నాటకం అయిపోయాక చెప్తాను.”

“అప్పుడు చెప్తే ఇంకా బాధపడతారు.”

నేను కత్తిపీట మీద నుంచి తలెత్తలేదు.

రిహార్సల్సు సాయంత్రం బడి వదిలాక ఒక తరగతి గదిలో జరిగేవి. అందరి చేతుల్లో నోటుబుక్కులుండేవి. నా చేతులు ఖాళీగా ఉండేవి. ఎవరైనా మాట మర్చిపోతే పుస్తకం చూడకుండా నేనే అందించేవాణ్ణి. మాస్టారు మురిసిపోయి, “చూడండయ్యా, చదవడమంటే అదీ. వారంలో నాటకమంతా మింగేశాడు,” అని మిగతావాళ్లకి చెప్పేవారు. ఆయన అలా అన్నప్పుడల్లా నా వీపున చెమట పట్టేది. గోలు ముందు నిలబడ్డ పదకొండేళ్లలో అంత చెమట పట్టలేదు.

ఆసామి వేషం తాలూకా ఆఫీసు గుమాస్తాది. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ఆ ఊళ్లో ఆయన కంటే బాగా నటించేవాడు లేడు. పదేళ్ల నుంచి వేస్తున్నా పెద్ద వేషం మాత్రం ఎప్పుడూ ఆయనకి రాలేదు. లైన్‌మన్ వెళ్లిపోయాక తనకే ఇస్తారనుకున్నాడు. నన్ను తెచ్చారు.

నాటకంలో ఒక ఉత్తరం ఉంది. పోయినవాడి బామ్మర్ది రాసినది. నేను వేసే రెండోవాడికి చదువు రాదు. ఆసామి దాన్ని చదివి వినిపిస్తాడు. ఉన్నదొకటి, చదివేది ఒకటి. తర్వాత కాగితం వాడి చేతికిస్తాడు. వాడు దాన్ని అటూ ఇటూ చూసి తిరిగిచ్చేస్తాడు. అంతే.

మొదటిసారి ఆ ఘట్టం చేసినప్పుడే గుమాస్తా ఆగిపోయాడు. “ఏంటోనండీ, కాగితం మీరు పట్టుకునే తీరు నటనలా అనిపించట్లేదు,” అన్నాడు. అందరూ అది మెప్పనుకుని నవ్వారు. మాస్టారు కూడా తలూపారు. గుమాస్తా నవ్వలేదు. నా వేళ్లకేసే చూస్తున్నాడు.

రెండ్రోజుల తర్వాత అదే ఘట్టం. ఆయన రోజూ ఇచ్చే పాత కాగితం బదులు ఇంకొకటి ఇచ్చాడు. కొత్తది. మడత అప్పుడే విప్పినట్టుంది. నేను ఎప్పటిలాగే దాన్ని వెలుతురుకి పట్టి చూశాను, అటు తిప్పాను, తిరిగి ఇచ్చాను. గుమాస్తా తర్వాతి మాట అనడానికి కొంచెం ఆలస్యం చేశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడిచిన తీరు చూశాను. ఏదో జరిగిందని తెలుసు. ఏం జరిగిందో తెలియదు. ఆ రోజు నుంచి ఆయన మాస్టారితో పక్కకి వెళ్లి రెండు మాటలు మాట్లాడినా నా చెవులు అటే ఉండేవి.

ఏమీ జరగలేదు. నాటకం హైస్కూలు గ్రౌండులో వేశాం. స్టేజీ మీద చెక్కలతో బావిగట్టు కట్టి, వెనక వరిగడ్డి పోశారు. చివర్న నేను దూకినప్పుడు ముందు వరసలో ఆడవాళ్లు కేకపెట్టారు. వినగడప నుంచి వచ్చిన మా చిన్నాన్న స్టేజీ వెనక్కి పరిగెత్తుకొచ్చి, గడ్డిలో పడున్న నన్ను తడిమి తడిమి చూశాడు. నన్ను ‘ఇంకోలా’ ఆటగాడని పిలిచినవాళ్లు మర్నాడు బజార్లో ఆపి పలకరించారు. తర్వాత ఏడాదిలో ఆ నాటకం చాలాచోట్ల వేశాం. మాస్టారికి చెప్తానన్నది చెప్పలేదు. నా భార్య మళ్లీ అడగలేదు.

విజయవాడలో పోటీకి వేసిన రోజు, హైదరాబాదులో కొత్తగా పెట్టిన టీవీ కేంద్రం నుంచి ఒకాయన వచ్చి చూశాడు. పాతికేళ్ల కుర్రాడిలా ఉన్నాడు, ప్రొడ్యూసరట. నాటకాన్ని అరగంటకి కుదించి టీవీకి తీస్తానని మాస్టారికి చెప్పాడు. మాలో ఎవరూ టీవీ అన్నది కంటితో చూడలేదు. వారపత్రికల్లో బొమ్మ చూశాం. తిరువూరుకి అది అందదని కూడా అప్పుడే తెలిసింది. హైదరాబాదు చుట్టుపక్కల వరకే కనిపిస్తుందట. అయినా తిరుగు బస్సులో అందరూ పెళ్లికి వెళ్తున్నట్టు మాట్లాడుకున్నారు.

కుదించిన నాటకం పోస్టులో ఒక గురువారం వచ్చింది. మాస్టారు రాత్రంతా కూర్చుని తలా ఒక ప్రతి రాసి, శుక్రవారం పొద్దున స్వయంగా తెచ్చి నా చేతికిచ్చారు.

“సగానికి సగం మారిందండీ. మీ మాటలు దాదాపు అన్నీ కొత్తవే. ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి వేసి చూసుకుందాం. సోమవారం పొద్దున్నే బయల్దేరాలి. మీకేం, ఒక్క పూట చాలు.”

నా భార్య ఊళ్లో లేదు. పరీక్ష పేపర్లు దిద్దడానికి బందరు వెళ్లింది. మంగళవారానికి గానీ రాదు.

ఆ శుక్రవారం తలుపేసుకుని నేనే ప్రయత్నించాను. పాత నాటకం మొత్తం నోటికి వచ్చు కాబట్టి ఎక్కడో ఒకచోట తెలిసిన మాట దొరుకుతుందనీ, దాన్ని పట్టుకుని ముందుకు పోవచ్చనీ అనుకున్నాను. ‘బావి’ అన్న మాట కోసం వెతికాను. దొరికిందనుకుని చూస్తే అది ఇంకేదో. మధ్యాహ్నానికి కళ్లు మంటలు. పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్ల అమ్మాయి ఎనిమిది చదువుతోంది, పిలిస్తే చదువుతుంది. సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలుస్తుంది. గుళ్లో అయ్యగారిని అడగొచ్చు. పాటల పుస్తకం పట్టుకుని ఆయన ముందు ఇన్నాళ్లు నిలబడిన మొహంతో ఎలా అడగను? రాత్రి నిద్ర లేదు. శనివారం పొద్దున కాగితాలు చొక్కా లోపల పెట్టుకుని విస్సన్నపేట బస్సెక్కాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు తక్కువ.

బస్సులు ఆగేచోట రేకుల పంచ కింద దరఖాస్తులు రాసిపెట్టే పెద్దాయన ఒకడు కూర్చునేవాడు. ముందు ఇనప్పెట్టె, కళ్లజోడుకి దారం.

“దరఖాస్తా, ఉత్తరమా?”

“రాయక్కర్లేదండీ. ఇది చదివితే చాలు. పైకి.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి కాగితాలు తీసుకున్నాడు. మొదలుపెట్టాడు. ఆయనకి ఒకటే గొంతు, ఒకటే రాగం. క్రయదస్తావేజు చదివే రాగం. “నేను ఈ బావిలో దిగను, నా తోడల్లుడు ఇందులో ఉన్నాడు, వాడి మీద కాలు పెట్టి నేను నీళ్లు తియ్యను...” అని ఆయన గడగడా చదువుకుపోతుంటే ఎవరి మాట ఎక్కడ ఆగిందో నాకు అంతుపట్టలేదు. “కాస్త నిదానంగా చదవండి,” అంటే గొంతు పెంచాడు. చుట్టూ జనం మూగారు. మామిడికాయల గంప పక్కన పెట్టుకున్న ముసలమ్మ ఒకావిడ, “ఎవురిది బాబూ బావి? ఏ ఊళ్లో పడ్డాడు?” అని అడిగింది. ఇంకొకాయన, కోర్టు కాగితమేమోనని నా భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పాడు. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

చెప్పుల జత ఒకటి నా పక్కకొచ్చి ఆగింది. తలెత్తితే గుమాస్తా. ఏదో తోటల కొలతల పనిమీద వాళ్ల ఆఫీసువాళ్లతో వచ్చాడట. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

“చాల్లెండి,” అన్నాడు పెద్దాయనతో. కాగితాలు తీసుకున్నాడు. నాకేసి చూడకుండానే, “పదండి, తిరువూరు బస్సు కదిలేట్టుంది,” అన్నాడు.

బస్సులో వెనక సీటు.  ఊరు దాటాక నేనే అడిగాను.

“మీకెప్పట్నుంచి తెలుసు?”

“కొత్త కాగితం ఇచ్చిన రోజు నుంచి.”

“ఏం రాశారు అందులో?”

“‘ఇది చదవగలిగితే నవ్వు’ అని.” కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. “మీరు నవ్వలేదు.”

నాకు ఆ క్షణాన ఆయన్ని కొట్టాలనిపించింది. చేతులు రెండూ ముందు సీటు కమ్మీకి బిగించి పట్టుకున్నాను.

“మాస్టారికెందుకు చెప్పలేదు?”

“చెప్దామని రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్లానండి. మీరు లేకపోతే ఈ నాటకం లేదు. నాటకం లేకపోతే నా మొహం ఎవరు చూస్తారు? తిరిగొచ్చేశాను.” చేతిలో టిక్కెట్టు మడిచాడు. “నేనేదో మంచివాణ్ణనుకోకండి. నాకూ టీవీలో కనపడాలనుంది. అంతే.”

ఆ మాట విన్నాక నాకు కొంచెం ఊపిరాడింది. జాలిపడి ఉంటే దిగిపోయేవాణ్ణేమో.

ఆయన కాగితాలు విప్పి చదవడం మొదలుపెట్టాడు. ఎవరి మాట వాళ్ల గొంతుతో, ఆగాల్సిన చోట ఆగుతూ. బస్సు చప్పుడులో నా చెవి ఆయన నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది. తర్వాత వాళ్లింటి వసారాలో సాయంత్రం దీపాలు పెట్టేదాకా చదివాడు. ఇంటికొచ్చి పడుకున్నాక అసలు భయం పట్టుకుంది. నాటకంలో ఈయన వేషమే అది కదా. చదువు రాని మనిషికి ఉన్నదొకటీ చదివేదొకటీ. రేపు మాస్టారి ముందు నేను ఒక మాట అంటే కాగితంలో ఇంకొకటి ఉంటే? పెద్ద వేషం ఆయనకే కదా పోతుంది. లేచి కూర్చుని కాగితాలు దీపం ముందు పెట్టుకున్నాను, అందులోంచి ఏదో తెలుస్తుందన్నట్టు.

ఆదివారం రిహార్సల్లో నా ప్రతి మాటకీ మాస్టారి మొహం చూశాను. ఆయన పుస్తకంలో వేలు పెట్టి గీత వెంట గీత జరుపుకుంటూ వెళ్లారు. ఒక్కచోట వేలు ఆగింది.  ఆయన ముక్కుపొడుం తీసుకోవడానికి ఆగారు. ఒక్క మాట తేడా రాలేదు. గుమాస్తా ఉన్నది ఉన్నట్టే చదివాడు. ఒక్కసారైనా ఆయన నాకేసి చూడలేదు, నాటకంలో చూడాల్సినప్పుడు తప్ప.

సోమవారం ఖమ్మం మీదుగా వెళ్లాం. మంగళవారం రికార్డింగు. ఆ గది మామూలు గది కాదు. కిటికీలు లేవు. పైన లైట్లు, కింద సిమెంటు నేల, రెండు పెద్ద కెమెరాలు చక్రాల మీద. మా బావిగట్టుని అట్టలతో మళ్లీ కట్టారు. ప్రొడ్యూసరు ముందే చెప్పాడు, “ఒకసారి మొదలైతే ఆ భాగం అయ్యేదాకా ఆపడం కుదరదండీ. మధ్యలో ఎవరు తప్పినా మళ్లీ మొదట్నుంచి.” ప్రాంప్టరు ఉండడు. జనం ఉండరు. మా ఊపిరి మాకే వినిపించేంత నిశ్శబ్దం.

మొదటి భాగం ఒక్క తప్పు లేకుండా అయింది. ఉత్తరం చదివే ఘట్టంలో గుమాస్తా నాకు కాగితం ఇస్తూ ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకున్నాడు. కెమెరాకి కనిపించిందో లేదో.

రెండో భాగానికి ముందు ప్రొడ్యూసరు బావిగట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక గడ్డి లేదు, సిమెంటు నేల. “దూకడం వద్దు,” అన్నాడు. “మీ మోకాలు సంగతి మాస్టారు చెప్పారు. గట్టు మీద నిలబడి నాలుగు మాటలు చెప్పి ఆగిపోండి. అది ఇంకా బాగుంటుంది.” అక్కడే అట్ట మీద కాగితం పెట్టి గబగబా రాశాడు. పది పన్నెండు గీతలు. నా చేతికిచ్చాడు. “పది నిమిషాలు చాలు కదా?”

గుమాస్తా కోసం చూశాను. ఆయన్ని దూరంగా, లైటు కింద కుర్చీలో కూర్చోబెట్టి మొహానికి వెలుతురు సరిచేస్తున్నారు. కదలొద్దన్నారు. ఆయన నన్ను చూశాడు. లేవబోయాడు. మళ్లీ కూర్చోబెట్టారు.

నా పక్కన మాస్టారున్నారు. కళ్లజోడు సర్దుకుని, “కానివ్వండి, చదవండి. నేను సరిచూస్తాను,” అన్నారు.

కాగితం చూశాను. తొందరగా రాసిన రాత. అచ్చక్షరమే నిలబడని కళ్లకి అది చీమలు పాకినట్టుంది. తల తిరుగుతోందని చెప్పొచ్చు. మోకాలు పట్టేసిందని చెప్పొచ్చు. అది నాకు అలవాటే. పదిహేడు రోజులు చెప్పాను, అంతకుముందు ఇరవయ్యేళ్లు ఏదో ఒక సాకు చెప్పాను. చెప్తే ఈ వేళ అందరూ ఆగిపోతారు. లేకపోతే దూకుతానని మొండికేయొచ్చు, సిమెంటు నేల మీద. నిజంగా అది కూడా ఆలోచించాను. కాలు విరగ్గొట్టుకోవడం తేలికనిపించింది.

“నాకు చదవడం రాదండీ,” అన్నాను.

గట్టిగానే వచ్చింది ఆ మాట. ఆ గదిలో ఏ మాటైనా గట్టిగానే వినిపిస్తుంది. కెమెరా దగ్గర కుర్రాడు చేస్తున్న పని ఆపాడు. మాస్టారు నవ్వారు, హాస్యమనుకుని. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు.

“అక్షరం రాదు. ఎవరైనా రెండుసార్లు చదివితే వచ్చేస్తుంది. ఇన్నాళ్లూ అలాగే వేశాను.”

ప్రొడ్యూసరు నన్నొక క్షణం చూశాడు. “సరే,” అని, అక్కడ టైము రాసుకుంటున్న అమ్మాయిని పిలిచి కాగితం ఇచ్చాడు. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. రెండోసారి నేనూ కలిపి చెప్పాను. మూడోసారి నేనొక్కణ్ణే చెప్పాను. అంతే. ఇంకేమీ జరగలేదు. ఇన్నేళ్లు దేనికి భయపడ్డానో అది ఐదు నిమిషాల్లో అయిపోయింది. కాళ్లు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. గట్టు మీద నిలబడి ఆ మాటలు చెప్తున్నప్పుడు కూడా వణికాయి. చూసినవాళ్లు అది వేషంలో భాగమనుకున్నారని తర్వాత విన్నాను.

మాస్టారు మాత్రం అక్కడ లేరు. ఆ అమ్మాయి చదవడం మొదలుపెట్టగానే బయటికి వెళ్లిపోయారు.

తిరుగు ప్రయాణంలో ఆయన డ్రైవరు వెనక సీట్లో ఒక్కరే కూర్చున్నారు. సూర్యాపేటలో టీకి దిగినప్పుడు ఆయన దగ్గరికి వెళ్లాను. గ్లాసు తీసుకుని పక్కకి జరిగారు. గుమాస్తా, “వదిలెయ్యండి ఇప్పుడు,” అన్నాడు.

ఇంటికొచ్చి నా భార్యకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ టీవీ గురించి ఒక్క మాటా అడగలేదు. “విస్సన్నపేట వెళ్లి దారినపోయే వాడికి చెప్పుకున్నారు. బందరు బస్సెక్కలేకపోయారు,” అంది. రెండ్రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆవిడ కోపం న్యాయమే.

నాటకం టీవీలో వచ్చిన రోజు తిరువూరులో మామూలు రోజే. మేం ఎవరం చూడలేదు. పది రోజులకి నా పాత జట్టులో ఆడిన స్నేహితుడు ఉత్తరం రాశాడు. క్వార్టర్సులో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంట్లో నలభైమంది కూర్చుని చూశారట. ‘నువ్వు బంతి పట్టకుండా అంతసేపు ఊరికే నిలబడటం ఇదే మొదటిసారి చూడ్డం’ అని రాశాడు. నా భార్య అది రెండుసార్లు చదివి వినిపించింది, నేను అడక్కపోయినా. తర్వాత ప్రొడ్యూసరు దగ్గర్నుంచి ఇంకో కబురు, ఇంకో వేషం. నాలుగు నెలల్లో మూడుసార్లు హైదరాబాదు వెళ్లొచ్చాను. ప్రతిచోటా మొదటి మాటగా చెప్పేవాణ్ణి, చదివి వినిపించాలని. ఒకరిద్దరు వింతగా చూశారు. వేషం మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. చివరికి అక్కడే ఉండటం మేలనుకున్నాం. నా భార్య అక్కడ ఒక బళ్లో ఉద్యోగం చూసుకుంది.

మాస్టారు ఆ మధ్యలో కొత్త నాటకం మొదలుపెట్టారు. నన్ను పిలవలేదు. పెద్ద వేషం గుమాస్తాకి ఇచ్చారు. అది విని నేను సంతోషించానని చెప్తే సగం నిజం.

సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు మాస్టారు వచ్చారు. గుమ్మంలో నిలబడ్డారు. కుర్చీలన్నీ లారీలో ఉన్నాయి. ఇద్దరం ఖాళీ గదిలో గోడకి ఆనుకుని కింద కూర్చున్నాం. నా భార్య మంచినీళ్లిచ్చి బయటికి వెళ్లింది.

“మీకు ముందే చెప్పాల్సిందండీ,” అన్నాను. “మోసం చేశాను.”

“నా కోపం మీమీదని ఎవరన్నారు?” అన్నారు. నీళ్లగ్లాసు చేతిలోనే ఉంది. తాగలేదు. “ఇరవై ఎనిమిదేళ్లుగా పాఠం చెప్తున్నానండి. నా ఎదురుగా ఏడాదిన్నర కూర్చున్న మనిషికి అక్షరం రాదని నాకు తెలియలేదు. ఆ గుమాస్తాకి తెలిసింది. నాకు తెలియలేదు.”

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తారు.

“అప్పట్నుంచి క్లాసులోకి వెళ్తే ఒక్కో మొహమే చూస్తున్నా. చదవమంటే తల దించుకునేవాడు, దగ్గొచ్చిందనేవాడు, పుస్తకం మర్చిపోయానని రోజూ చెప్పేవాడు. ఇలాంటివాళ్లు ఎంతమందిచేత గోడకుర్చీ వేయించానో. ఎంతమంది బడి మానేశారో. మీ అంత తెలివి ఉండి మానేశారేమో. నేను ఎవర్నడగను ఆ లెక్క?”

 బయట లారీవాడు హారను కొట్టాడు. ఆయన నీళ్లు తాగి గ్లాసు నేలమీద పెట్టి, లేవడానికి చెయ్యి చాచారు. నేను మోకాలు మీద బరువు పడకుండా లేచి ఆయన్ని లేపాను. కాసేపు ఆ చెయ్యి వదల్లేదు ఆయన.

“వెళ్లిరండి,” అన్నారు. “ఆ తల దించుకునే పిల్లలకి సాయంత్రం ప్రైవేటు ఉంది, నేను పోవాలి.”